పేరు కొట్టించిన డబ్బా

కొవ్వూరు,
12-7-1978

అక్కా,

కుశల ప్రశ్నలు చివర్లో అడుగుతాను, ముందు పని సంగతి.

ఢిల్లీ నుంచి మా ఆసుపత్రికి అట్టపెట్టె నిండా పసుపురంగు కార్డులు వచ్చాయి. విషం తాగినవాళ్ళు, తిన్నవాళ్ళు, ఒంటి మీద పడినవాళ్ళు ఎవరొచ్చినా మనిషికో కార్డు నింపి పంపాలి. దేశంలో ఏ మూల ఎవరు దేనివల్ల పోతున్నారో అక్కడ లెక్క తీసి, ఆపే దారి చూస్తారట. మా డాక్టరుగారు పెట్టె కేసి చూసి, "సత్యలక్ష్మిగారూ, హెల్త్ ఎడ్యుకేటరంటే మీరే కదండీ" అని నా బల్ల మీదకి తోయించేశారు. కార్డంతా ఇంగ్లీషు. ప్రశ్నలన్నీ నేనే తెలుగులో రాసుకున్నాను. ఏం తాగారు? అది దేన్లో ఉంది? ఆ సీసాగానీ డబ్బాగానీ ఇంట్లోకి ఎలా వచ్చింది? ఎవరిచ్చారు? ఇందులో నాకు బాగా నచ్చిందేంటో తెలుసా? తప్పెవరిది అని అడిగే గడి ఎక్కడా లేదు.

ఇప్పుడు నా ఉద్యోగం ఏంటంటే రిక్షాలో మైకు కట్టుకుని ఊరూరా తిరగడం. "చీటీ లేని సీసాలో పురుగుమందు పోయించుకోకండి" అని అరిచి అరిచి గొంతు పోయింది. వరిచేలకి దోమపోటు మొదలైందగ్గర్నుంచీ ప్రతి ఇంట్లోనూ ఎండ్రిన్ మందు ఉంది. అదీ దగ్గుమందు సీసాల్లో. ఈ కవర్లో పోస్టరొకటి పెట్టాను. బావ కొట్టుకి ముందువైపు, అందరికీ కనపడేలా అంటించమని చెప్పు. భీమవరంలో అంత పెద్ద పురుగుమందుల కొట్టు పెట్టుకుని మరదలి మాట వినకపోతే ఈసారి నేనే మైకు పట్టుకుని వచ్చి కొట్టు ముందు నిలబడతాను.

వేసవిలో కారం దంచడానికి నీ దగ్గరికి పంపానే, చింతలంక లోవమ్మ, ఆవిడ నిన్ను పొగడని రోజు లేదు. అక్కడి బడిలో పిల్లలకి ఉప్మా వండే పని ఆవిడకే ఉంది. అన్నట్టు, నువ్విచ్చిన డబ్బా చలవేమో గానీ, ఐదేళ్ళయింది, అందులో పోసిన కందిపప్పుకి పురుగే పట్టలేదు.

ఇప్పుడు చెప్పు, ఎలా ఉన్నావు?

నీ చెల్లి
సత్య


భీమవరం,
24-7-1978

ఒసేయ్ సత్యా,

చివర్లో అడిగినా అడిగావు, సంతోషం. బాగానే ఉన్నాను.

నీ పోస్టరు మీ బావగారు అంటించారు. యూరియా బస్తాల వెనక. ఎలకలకి చదువొస్తే ఈ ఊళ్ళో వాటికి ప్రాణభయం లేదు. "కొట్టు ముందు పుర్రె బొమ్మ పెట్టుకుని వ్యాపారం చెయ్యమంటుందేంటి మీ చెల్లెలు?" అన్నారు. మావగారైతే ఆ పుర్రె చూసి రెండుసార్లు చేతులు కడుక్కున్నారు. నువ్వు మైకు పట్టుకుని రా, కాఫీ ఇచ్చి కూర్చోబెడతాను.

నా డబ్బాల్ని మెచ్చుకున్నావు కాబట్టి నీ తప్పులన్నీ మాఫీ. ఇప్పటికి నీది కాక నలభై ఒకటి పంచానే! ఖాళీ ఎండ్రిన్ డబ్బాలు పాతసామాన్లవాడికి వేస్తే ఏమొస్తుంది? మంచి అల్యూమినియం. ముందు చింతపండుతో, తర్వాత బూడిదతో, ఆ తర్వాత కుంకుడురసంతో తోమించి మూడు రోజులు ఎండలో పెట్టిస్తాను. వాసనన్నది ఉండదు. అప్పుడు డబ్బాలు చేసే అబ్బులు వచ్చి మూతి కోసి, అంచు మడిచి, మూత బిగించి, పిడి వేస్తాడు. పిడి కింద చుక్కలు చుక్కలుగా నా పేరు కొడతాడు. 'మీనాకుమారి, భీమవరం'. అమ్మకి సామర్లకోటలో చెంచాల మీద కూడా పేరు కొట్టించే పిచ్చి ఉండేది కదా, నాకూ అదే వచ్చింది. దంపుళ్ళకి వచ్చినవాళ్ళూ ఊడ్పులకి వచ్చినవాళ్ళూ ఆ డబ్బా నెత్తిన పెట్టుకుని వెళ్తుంటే నాకు ఎంత బావుంటుందో చెప్పలేను. ఈ ఇంట్లో కొట్టు వాళ్ళది, ఇల్లు వాళ్ళది, ఇనప్పెట్టె వాళ్ళది. ఆ డబ్బాల మీద ఉన్న పేరొక్కటే నాది.

ఉద్యోగం అంటూ ఎండన పడి తిరిగి నల్లబడకు.

మీ అక్క
మీనా


కొవ్వూరు,
5-9-1978

అక్కా,

ఈసారి కుశల ప్రశ్నలు లేవు.

శుక్రవారం మధ్యాహ్నం చింతలంక బడిలో ఉప్మా తిన్న పిల్లల్లో పదకొండు మందికి గంట తిరక్కుండా ఫిట్లు వచ్చాయి. పలకలు పట్టుకుని కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే కొయ్యబారిపోయి పడిపోయారట. లంక ఊరు కదా, పడవలో వేసుకుని ఏటి ఇవతలికి తెచ్చి, అక్కణ్ణించి ఎడ్లబండ్ల మీద మా దగ్గరికి తెచ్చారు. పదిమంది బతికారు. గంగరాజు, వీరవేణి అనే కూలివాళ్ళ కూతురు పాపాయి, ఏడేళ్ళది, పడవలోనే పోయింది. ఆ పిల్ల కార్డు నేనే నింపాను. వయసు అన్న గడిలో ఏడు అని వేశాను.

లోవమ్మని పోలీసులు పట్టుకెళ్ళారు. ఉప్మాలో కావాలనే విషం కలిపిందట! దానికి సాక్ష్యం ఏంటంటే, ముందురోజు ఊరి ప్రెసిడెంటు పల్లంరాజుగారు బడి నూనెలోంచి తన ఇంటికి తెమ్మని మనిషినీ గిన్నెనీ పంపారు. లోవమ్మ ఇవ్వనంది. "పిల్లల నోటి దగ్గర నూనెండి, మీ ఇంట్లో పోపుకి ఇస్తే నాకు పుట్టగతులుండవు, మీకూ ఉండవు" అని వీధిలో నిలబడి అరిచింది. అంత మాటన్న మనిషి అంత పనీ చేస్తుంది అంటున్నారాయన. ఆయన మనవడు కూడా ఆ పదకొండు మందిలో ఉన్నాడు, ఆయన ఏడుస్తూనే ఆ మాటంటున్నారు, ఏం చెప్పను?

ఆ గొడవ జరిగిన సాయంత్రమే ఆవిడ నూనెని గట్టి మూత ఉన్న డబ్బాలోకి వంచింది. ఎవరూ ముంచుకుపోకుండా. ఇంట్లో ఉన్న వస్తువుల్లో అన్నిటికన్నా మంచిది తెచ్చి పెట్టింది. ఇన్నాళ్ళూ వాడకుండా దాచుకున్నదట. పోలీసులు ఉప్మా గిన్నె తీసుకుపోయారు గానీ డబ్బా కేసి చూడనే లేదు. అది తెచ్చి నా బీరువాలో పెట్టి తాళం వేశాను. నూనె పరీక్షకి పంపాం.

నేను చెప్పాక "ఆ డబ్బా ఎక్కడిది?" అని ఎస్సై అడిగితే "బజార్లో కొన్నానండి" అంది లోవమ్మ. అక్కా, ఆ డబ్బా పిడి కింద చుక్కలు చుక్కలుగా పేరుంది. ఎవరి పేరో నేను రాయక్కర్లేదు. నువ్విచ్చావని ఒక్క ముక్క రాసి పంపు. మిగతాది నేను చూసుకుంటాను.

సత్య


భీమవరం,
15-9-1978

చి. సత్యలక్ష్మికి ఆశీస్సులు.

ఆ పసిపిల్ల సంగతి చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. దేవుడు చాలా అన్యాయం చేశాడు.

డబ్బా విషయం అడిగావు. నేను ఎంతమందికో ఇస్తాను, అందర్నీ గుర్తుపెట్టుకోలేను. లోవమ్మకి పాత చీర ఇచ్చిన గుర్తుంది. డబ్బా ఇచ్చిన గుర్తు లేదు. ఆ రోజుల్లో పెరట్లో బోలెడు ఆరబెట్టి ఉన్నాయి, వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళిందేమో తెలియదు. అయినా మేం తోమించినట్టు ఎవరూ తోమించరు. మీ బావగారు కూడా ఇదే మాటన్నారు, మా డబ్బావల్ల అలా అవ్వడానికి వీల్లేదని.

ఇంకో మాట. మావగారికి ఈ సంగతులేవీ తెలియవు. ఆయనకి గుండె బలహీనం. కొట్టుకి లైసెన్సు మళ్ళీ రాయించుకోవలసిన నెల ఇది. నువ్వు ఆ డబ్బా బీరువాలో పెట్టుకుని ఎందుకు ఇబ్బందిపడతావు? గోదావరి నీ గుమ్మం ముందే ఉంది. అందులో వదిలెయ్. ఒంటరి ఆడపిల్లవి, పోలీసు గొడవల్లో తలదూర్చకు.

ఆశీస్సులతో,
మీనాకుమారి


కొవ్వూరు,
22-9-1978

శ్రీమతి మీనాకుమారిగారికి,

మీరు సంతకం మీనాకుమారి అని పెట్టారు కాబట్టి నేనూ అలాగే మొదలుపెట్టాను.

గోదావరిలో వదిలెయ్యమన్నారు. ఆ నీళ్ళు తాగే ఊళ్ళు ఇక్కణ్ణించి సముద్రం దాకా ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. వాటిలో మీ ఊరు కూడా ఒకటి.

పరీక్ష కాగితం వచ్చింది. నూనెలో ఎండ్రిన్ ఉంది. ఊరంతా "చూశారా, విషం ఉందట" అంటున్నారు. అది చేత్తో పోసింది కాదని నేనొక్కదాన్నే అంటున్నాను. హైదరాబాదులో పరీక్ష చేసినాయన నాకు విడిగా రాశాడు. ఎండ్రిన్ నీళ్ళకి కరగదట. చింతపండుకీ బూడిదకీ పోయేది పైపైన ఉన్నదే. అడుగున రేకు మడతలో ఇరుక్కున్నది అలాగే ఉండిపోతుంది. దాంట్లో నూనె పోస్తే చాలు, మెల్లిగా దిగుతుంది. మీరు తోమించలేదని నేననడం లేదు. మీరు ఎంత బాగా తోమించినా పోదని అంటున్నాను.

నిన్న బ్రిడ్జి దాటి రాజమండ్రి జైలుకి వెళ్ళి లోవమ్మని చూశాను. బజార్లో కొన్నానని ఎందుకు చెప్పావని అడిగాను. ఆవిడ నా కేసి తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. "డబ్బా మీద ఆవిడ పేరుందంటగా అండి. దంపుళ్ళకెళ్ళినదాని ఇంట్లో షావుకారుగారి పేరున్న సామానుంటే ఏమంటారండి? దొంగంటారు. పిల్లల్ని చంపానన్నది అబద్ధమని ఎప్పటికైనా తేలుద్దండి. దొంగన్న మాట పడితే చచ్చేదాకా పోదండి" అంది. జైల్లో ఉండి కూడా ఆవిడ భయపడుతున్నది ఒకే ఒక్క మాటకి. ఆ మాటే మీరు ఉత్తరంలో రాశారు. తీసుకెళ్ళిందేమో అని.

మీ ఉత్తరం నా సంచిలోనే ఉంది. చదివి వినిపించలేదు. సిగ్గేసింది.

ఖాళీ కార్డొకటి పెడుతున్నాను. నాలుగో ప్రశ్న, ఎవరిచ్చారన్నది, మీరే నింపాలి. మీరు పంచిన మిగతా నలభై డబ్బాలూ ఇప్పుడు ఎవరి వంటింట్లో ఉన్నాయో, వాటిలో ఏం పోసుకున్నారో ఆ దేవుడికే తెలియాలి.

సత్యలక్ష్మి, హెల్త్ ఎడ్యుకేటర్


భీమవరం,
10-10-1978

సత్యా,

గారూ శ్రీమతీ పెట్టి రాస్తే నేను భయపడిపోతానని అనుకున్నావా? నీకు జడలు వేసినదాన్ని నేను. నీ దెప్పుళ్ళు పక్కన పెట్టి నేను అడిగేదానికి జవాబు చెప్పు.

ఐదేళ్ళ నుంచి నీ ఇంట్లో నా డబ్బా ఉంది. నువ్వు చదువుకున్నదానివి, ఊరందరికీ విషం గురించి మైకు పెట్టి చెప్పేదానివి. బస్సులో ఒళ్ళో పెట్టుకుని మరీ తీసుకెళ్ళావు. ఆ రోజు నీకెందుకు తెలియలేదు? నాకు నీ అంత చదువు లేదు, రేకు మడతల్లో ఏం దాగుంటుందో నాకెవరు చెప్పారు? డబ్బా మీద ఇంగ్లీషులో ఏదో రాసుంటుంది. ఈ ఊళ్ళో అది చదివేవాడెవడు? అమ్మేవాళ్ళు కూడా చదవరు. సీసాలు, సీసాలు అని అరిచావే గానీ డబ్బా అన్న మాట నీ మైకులో ఒక్కసారైనా వచ్చిందా?

లోవమ్మకి నా పేరు చెప్పుకుని బయటపడాలని లేకపోతే నన్నేం చెయ్యమంటావు? ఇచ్చానని నేను ఒప్పుకున్నాననుకో, ఆ పిల్లని చంపింది నేనవుతాను. ఆలోచించావా? ఆవిడ జైలు తీసి నాకు పెడతావా? మీ బావగారు "మీ చెల్లెలు మన కొంప ముంచేదాకా ఊరుకోదు" అన్నారు. నేనూ ఔనన్నాను.

ఇక నాకు ఉత్తరాలు రాయకు.

మీనా


కొవ్వూరు,
14-10-1978

అక్కా,

రాయొద్దన్నావు. ఇది ఉత్తరం కాదు, నువ్వు అడిగినదానికి జవాబు.

నువ్వన్నది నిజం. నాకెందుకు తెలియలేదంటే నేనూ ఆ మెరుపే చూశాను. ఎండ్రిన్ డబ్బా అన్న సంగతి నాకు తెలుసు. అక్క ఇచ్చింది కాబట్టి అది డబ్బానే అనుకున్నాను. కందిపప్పుకి పురుగు పట్టడంలేదని నీకు గొప్పగా రాశాను చూడు, ఎందుకు పట్టలేదో ఆలోచించడమే నా ఉద్యోగం.

అందుకని నా మీద నేనే ఒక కార్డు నింపాను. ఏ డబ్బా? ఎండ్రిన్ డబ్బా. ఇంట్లోకి ఎలా వచ్చింది? నేనే తెచ్చుకున్నాను. ఎన్నాళ్ళు వాడారు? ఐదేళ్ళు. తెలిసి ఎందుకు వాడారు అన్న ప్రశ్న కార్డులో లేదు, కింద ఖాళీ ఉంటే నేనే రాసి జవాబిచ్చాను. సంతకం పెట్టి ఢిల్లీకి పంపేశాను. మా డాక్టరుగారు "మీ ఉద్యోగం పోతుందండీ" అన్నారు. పోతే పోనివ్వండి, ఉద్యోగం చెయ్యనిదానికి ఉద్యోగం ఎందుకన్నాను.

నేను రాస్తే చచ్చిపోలేదు. నువ్వూ చచ్చిపోవు.

సత్య


భీమవరం,
2-11-1978

సత్యా,

ఈ ఉత్తరం మధ్యలో ఆపకుండా చదువు.

నీ కార్డు సంగతి చదివాక కూడా నాకు కోపం తగ్గలేదు. నిద్ర మాత్రం పోయింది. మిగతా నలభై అన్నావు కదా, అదే చెవిలో పడి ఉంది. చూసొద్దాం, చూస్తే ఏం పోయిందని, కిందటి వారం మంగళవారం మా కొట్టు గుమాస్తా చంద్రరావు ఇంటికి వెళ్ళాను. వాళ్ళ చంటిదానికి మూడో నెల. వాళ్ళావిడ పిల్లని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని ఆముదం రాస్తోంది. ఆముదం ఉన్నది నా డబ్బాలో! "మీరిచ్చిందేనండి, పిల్ల పనులకే ప్రత్యేకంగా ఉంచుకున్నాం" అని నవ్వుతూ చూపించింది. పిల్ల రెండుసార్లు కళ్ళు తేలేసిందట, గాలి సోకిందని తాయెత్తు కట్టించారట.

నేనేం చేశానో నాకు తెలియదు. డబ్బా లాక్కుని, పిల్లని లాక్కుని, సబ్బు పెట్టి ఒళ్ళంతా కడిగి, రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. పిల్ల బాగుంది. వాళ్ళావిడ నేనేదో దోచుకుపోతున్నట్టు వెనకాలే ఏడుస్తూ వచ్చింది. ఆ పిల్ల ఒళ్ళు కడుగుతుంటే నా చేతి కింద ఎంత ఉందో తెలుసా సత్యా, నా జానెడు లేదు వీపు.

సరే విను. లోవమ్మకి డబ్బా నేనే ఇచ్చాను. గుర్తు లేదన్నది అబద్ధం. గుర్తుంది, ఆవిడ వెళ్ళే రోజున నేను పిలిచి ఇచ్చాను. "నాకెందుకండి ఇంత మంచిది" అంది. "దాచుకో, నీ కూతురికి పనికొస్తుంది" అన్నాను. తీసుకెళ్ళిందేమో అని రాసిన చెయ్యి ఇదే. ఆ ఉత్తరం చింపెయ్యకు. ఉంచు.

ఇక్కడ జరిగినవి కూడా చెప్తాను. నాలుగు రోజుల్లో పంతొమ్మిది డబ్బాలు వెనక్కి తెచ్చాను. కొట్టు ముందు, సరిగ్గా బేరాలొచ్చే వేళకి, వరసగా పెట్టి ఒక్కోదానికి గునపంతో అడుగున పొడిచాను. జనం పోగయ్యారు. మావగారు బయటికొచ్చి "కొట్టు పరువు వీధిలో పెడతావా?" అన్నారు. "పేరు నాదే కొట్టించాను కదండీ మావగారూ, పోతే నాదే పోతుంది" అన్నాను. ఆయన గుండెకి ఏమీ కాలేదు. మీ బావగారు నాతో మాట్లాడ్డం మానేశారు. కానీ గునపం ఎక్కడుందని అడిగితే చూపించారు. మర్నాడు చూస్తే నీ పోస్టరు కొట్టు ముందుకొచ్చింది. దాని కింద ఆయన అక్షరాలతో 'ఖాళీ డబ్బాలు ఇంటికి ఇవ్వబడవు' అని రాసుంది.

కార్డు నింపి పెట్టాను. నాలుగో ప్రశ్న చూడు. నా రాత బావోదు, కానీ పేరు మాత్రం అబ్బులు కొట్టినంత స్పష్టంగా రాశాను. కోర్టు ఎప్పుడో చెప్పు. ఎవరు రావద్దన్నా వస్తాను.

మీ అక్క
మీనా


కొవ్వూరు,
18-12-1978

మా అక్కకి,

నువ్వు బస్సెక్కాక చేరిన కబురు ఇది. లోవమ్మని వదిలేశారు. నువ్విచ్చిన వాంగ్మూలం, నువ్వు పోగుచేసిన డబ్బాల్లో రెండింటి పరీక్ష కాగితాలు చూశాక ఇది కావాలని చేసింది కాదని కేసు కొట్టేశారు.

కోర్టులో నువ్వు నిలబడ్డ తీరు నేను చచ్చేదాకా మర్చిపోను. "డబ్బా మీదేనా అమ్మా?" అని అడిగితే "పేరు నాదండి, డబ్బా ఆవిడదండి. నేనిచ్చాను" అన్నావు. ఇచ్చావనడానికి రుజువేంటని ఆ ప్లీడరు గుచ్చి గుచ్చి అడిగితే, "దొంగిలించినవాళ్ళయితే ముందు పేరు గీకేస్తారండి, ఆవిడ పేరు మాయకుండా తోముకుంది" అన్నావు. లోవమ్మ అప్పటిదాకా తల దించుకునే ఉంది. ఆ మాటకి తలెత్తింది. నువ్వు అటు చూడలేదు, నేను చూశాను.

మీ కొట్టు లైసెన్సు మూడు నెలలు ఆపారని బావ రాశారు. నాకు రాయడమే గొప్ప. నా ఉద్యోగం పోలేదు. పైగా ఢిల్లీవాళ్ళు ఖాళీ డబ్బాలు మళ్ళీ వాడటం గురించి కార్డులో కొత్త ప్రశ్న చేరుస్తున్నారట, వచ్చే నెల హైదరాబాదులో మీటింగుకి రమ్మన్నారు.

ఇక నీకు నచ్చని సంగతి. నువ్వు చేయించి పంపిన కొత్త డబ్బా, కొత్త రేకుతో, 'లోవమ్మ, చింతలంక' అని పేరు కొట్టించినది, ఆవిడకిచ్చాను. పేరు మీద వేలు పెట్టి చూసుకుంది. తర్వాత నా చేతిలోనే పెట్టేసింది. "డబ్బా వద్దండి. నా కోసం కోర్టులో చెప్పారు, సంతోషం. ఆ మాటే పాపాయి వాళ్ళ గుమ్మంలో కూడా చెప్పమనండి. ఆ వీరవేణి ఇన్నాళ్ళూ నా ఇంటివైపు చూసి ఉమ్మేస్తోందటండి. నేను చెప్తే వినదు" అంది.

నేను నిన్ను రమ్మనడం లేదు అక్కా. ఆవిడ అన్న మాట అన్నట్టు రాశాను.

నీ
సత్య


కొవ్వూరు, నీ గదిలోంచి,
11-1-1979

సత్యా,

నువ్వు హైదరాబాదులో పెద్దవాళ్ళ ముందు కార్డులు పరుచుకుని కూర్చున్నావు. నేను నీ మంచం మీద కూర్చుని రాస్తున్నాను. నీ వంటింట్లో కందిపప్పు గాజుసీసాలో ఉంది, దానికి పురుగు పట్టింది. చూసి ఎంత సంతోషం వేసిందో!

నిన్న చింతలంక వెళ్ళాను. మీ బావగారు రేవు దాకా వచ్చారు, పడవ ఎక్కలేదు. రేవులోనే కూర్చుంటానన్నారు. లోవమ్మ నన్ను గంగరాజు ఇంటి మలుపు దాకా తీసుకెళ్ళి ఆగిపోయింది.

వీరవేణి చేట పట్టుకుని బియ్యం చెరుగుతోంది. బక్క మనిషి, ఇరవై ఆరేళ్ళుంటాయేమో. నేనెవరో చెప్పాను. చెరగడం ఆపలేదు. కోర్టులో చెప్పిందంతా మొదట్నుంచీ చెప్పాను. అక్కడ ఒక్కసారి కూడా తడబడలేదా, ఇక్కడ ప్రతి మాటకీ తడబడ్డాను. తోమించాను అని చెప్పబోయి మానేశాను. తెలియదు అని కూడా అనలేకపోయాను. "డబ్బా నేనిచ్చాను, లోవమ్మ తప్పు లేదు, మొదట అబద్ధం చెప్పాను, ఆవిడ మూడు నెలలు జైల్లో ఉంటే చూస్తూ కూర్చున్నాను" అన్నాను. కాళ్ళ మీద పడాలనుకుని వెళ్ళాను సత్యా. ఆవిడ మొహం చూస్తే అదీ నా కోసమే అవుతుందనిపించింది. ఆ గుమ్మంలో నేల మీద కూర్చుండిపోయాను.

చెరుగుతూనే అడిగింది. "అలాంటియ్యి ఎన్ని ఇచ్చారండి?"

"నలభై ఒకటి."

"ఎన్ని దొరికినియ్యి?"

"ముప్ఫై ఎనిమిది."

చేట కింద పెట్టింది. "ఆ మూడూ ఎక్కడున్నాయండి?"

ఒకటి సామర్లకోట వైపు వెళ్ళిందనీ, ఒకటి ఇంకేదో లంక ఊళ్ళో ఉందనీ, ఇంకొకటి ఊడ్పులకి వచ్చిన చిన్నమ్మాయి అనే మనిషి పట్టుకెళ్ళింది, ఏ ఊరో తెలియదనీ చెప్పాను. వీరవేణి లేచి నిలబడింది. కొంగు నడుముకి చుట్టింది.

"ఆ మూడిళ్ళలోనూ పిల్లలుంటారు కదండి. అయితే ఇక్కడ కూర్చున్నారేంటండీ? లెగండి."

ఆవిడే చెయ్యి పట్టుకుని లేపింది. ఓదార్చడానికి కాదు, గట్టిగా, ఆలస్యం అవుతోందని. మలుపులో లోవమ్మ నిలబడి ఉంది. వీరవేణి ఆవిడ దగ్గర ఆగింది. ఉమ్మలేదు. "నువ్వూ నడు, చిన్నమ్మాయిది ఏ ఊరో నీకు తెలుసుండాలి" అంది. ముగ్గురం పడవెక్కి ఇవతలికి వచ్చాం. రేవులో మీ బావగారు మమ్మల్ని చూసి లేచి, వెంట తెచ్చుకున్న గునపం భుజాన వేసుకుని, అడక్కుండానే వెనకాల నడిచారు.

ఆ రెండో లంకలో డబ్బా రాత్రి పొద్దుపోకముందే దొరికింది. అందులో పచ్చడి ఉంది, ఇంకా మూత తియ్యలేదట. పొడిచింది వీరవేణి. ఒక్క పోటు కాదు.

ఇంకా రెండున్నాయి. సామర్లకోట రైలు ఎనిమిదింటికి. ఈ ఉత్తరం పూర్తి చెయ్యడానికి లేదు, వీరవేణి అప్పుడే గుమ్మంలో నిలబడి పిలుస్తోంది.

మీనా